భోంగా మోగాక మిగిలిన సినిమా

మైకు ముందు కూర్చున్నవాడు నోరు తెరిచి మాట్లాడాలి. ఈపాటి సంగతి పసిపిల్లలకైనా తెలుసు. తెలియనిదల్లా సోమలింగానికే. పాపం, ఆయన తప్పేం లేదు. మీసాలు మొలిచిన నాటి నుంచి సూరత్‌లో మరమగ్గాల మధ్య బతికిన మనిషి. వాళ్ల ఊరి మాటలో వాటిని సాంచెలంటారు. సాంచెలన్నీ ఒక్కసారి మోగే కార్ఖానాలో నోరున్నవాడూ మూగవాడూ ఒకటే. అక్కడ చేతులే మాట్లాడతాయి. చూపుడు వేలితో అరచేతి మీద గీస్తే పోగు తెగిందని. నుదుటి మీద పిడికిలి ఆనిస్తే సేఠ్ వస్తున్నాడని. రెండు చేతులూ నడుం దగ్గర నుంచి ఎత్తి భుజాన వేసుకున్నట్టు చూపిస్తే తాకా దిగిందని, అంటే నేయాల్సిన బట్ట పూర్తయింది, చుట్ట దింపి మోసుకుపోవచ్చని.

అలాంటి మనిషిని కూతురు నీరజ, పర్వత్ పాటియా పేటలోని ఇంటి ముందు గదిలో, వీధి చప్పుడు రాకుండా గోడకు పరుపులు నిలబెట్టి, మైకు ముందు కూర్చోబెట్టింది.

"బాపూ, కుండల పిల్ల సినిమా చెప్పు. మొదలువెట్టు."

"గప్పుడేమైందంటే, గా పిల్ల కుండ నెత్తిన పెట్టుకున్నది," అన్నాడు సోమలింగం. నోటికి అక్కడితో పని అయిపోయింది. మిగతాదంతా చేతులు అందుకున్నాయి. కుడి చెయ్యి పిల్ల అయింది. ఎడమ చెయ్యి సేనాపతి అయింది. వంచిన మోచెయ్యి కొండ అయింది. కనుబొమ్మలతో గుర్రాలను ఉరికించాడు, బుగ్గలు పూరించి ఈదురుగాలి తెచ్చాడు. నీరజా, పక్కనున్న శివకృష్ణా నోళ్లు వెళ్లబెట్టి చూశారు. చూడటానికి మహా బాగుంది. ఫోనులోకి మాత్రం ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ ఎక్కడం లేదు.

"చేతులతోని గాదు బాపూ, నోటితోని!"

సోమలింగానికి సాంచెల మోత చెవులను ఎప్పుడో తినేసింది. కూతురు శభాష్ అంటోందనుకుని ఇంకా జోరుగా చేతులు తిప్పాడు.

అప్పుడు గది మూల నుంచి ఒక గొంతు లేచింది. "పిల్ల ఒక అడుగు ఎన్కకు జరిగింది. నెత్తి మీద కుండ ఇసుమంత కదల్లేదు. వాడు కత్తి దూసిండు. దూసినోడు ఊకుంటడా? ఉరికొచ్చిండు..."

ఆ గొంతు సారక్కది, సోమలింగం భార్యది. ఒళ్లో చీర పరుచుకుని అంచుకు రాళ్లు అంటిస్తోంది. మొగుడి చేతుల వంక చూస్తూ, తనకే తెలియకుండా, వాటిని పైకి చదివేస్తోంది. నీరజ మైకు తీగను లాగి గబగబా తల్లి ముందు పెట్టింది. ఆ తల్లీకూతుళ్ల జాతకం ఆ క్షణాన మారింది.

నీరజ రింగ్ రోడ్ మార్కెట్లో ఒక చీరల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా ఫోను ముందు నిలబడి, చీర తర్వాత చీర విప్పి చూపిస్తూ, లైవ్‌లో అమ్ముతుంది. ఆ ఫోను పట్టుకునేవాడు శివకృష్ణ. ఇద్దరికీ ఒకటే పిచ్చి. లోకం మరిచిపోయిన పాత దయ్యాల సినిమాలు, కుంగ్‌ఫూ సినిమాలు. ఎంత చెత్తగా ఉంటే అంత ఇష్టం. వాటి గురించి మాట్లాడుకోవడానికి తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ పెట్టుకుని "దయ్యం-దెబ్బ" అని పేరు పెట్టారు. వినేవాళ్లు లేకపోలేదు. శివకృష్ణ తమ్ముడున్నాడు, పొరపాటున నొక్కినవాళ్లున్నారు.

సారక్క గొంతు తోడయ్యాక సంగతి మారిపోయింది. పాండేసర రంగుల మిల్లుల ముందు చాయ్ బండి దగ్గర ఫోను చుట్టూ మూగి వినడం మొదలుపెట్టారు. భివండి నుంచి, సోలాపూర్ నుంచి, సిరిసిల్ల నుంచి, సాంచెలు నడిచే ఊళ్లన్నింటి నుంచీ "సారక్కా, ఇంకో దయ్యం చెప్పు" అని అడగసాగారు. ఇంకేం, సారక్క పట్టిందల్లా బంగారం. సోమలింగం డ్యూటీలో ఉన్నా ఇక ఆగేది లేదు. ఆయన చేతుల్లో చూసిన సినిమాలన్నీ ఆమెకు కంఠోపాఠం.

అవన్నీ ఆమెకు ఎక్కడివంటారా? పెళ్లయి సూరత్ వచ్చిన కొత్తలో మొగుడు రాత్రి పాళీ సాంచెలు నడిపేవాడు, ఆమె అదే కార్ఖానాలో ఓ మూల కూర్చుని అన్నం వేళ దాకా నూలు కండెలు చుట్టేది. సాయంత్రాలు రేకుల షెడ్డులో వీడియో ఆడించేవాళ్లు. ఏ దేశం క్యాసెట్టో, ఏ భాషో ఎవడికీ తెలియదు. పేర్లు కూడా చూసినవాళ్లు పెట్టుకున్నవే, కుండల పిల్ల, ట్రంకుపెట్టె దయ్యం, గుడ్డిగురువు అని. ఆ షెడ్డులోకి ఆడవాళ్లు అడుగు పెట్టకూడదు. అందుకని సోమలింగం సినిమా చూసి వచ్చి, సాంచెల మోతలో, అటు చివర నిలబడి, ఇటు చివర కూర్చున్న పెళ్లానికి ఆ కథంతా చేతులతో చెప్పేవాడు. సారక్క ఒక్క సినిమా చూడలేదు. అన్ని సినిమాలూ చూసింది.

మంచి పేరు ఎంత తొందరగా వస్తుందో, దిష్టి అంతకంటే తొందరగా తగులుతుంది. హైదరాబాద్‌లో పరమేశ్ అని ఒకతను ఉన్నాడు. అతనూ ఇలాంటి సినిమాల మీదే పాడ్‌కాస్ట్ చేస్తాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, పిచ్చివాడు. ఏ సినిమాలో ఎవడు ఎవణ్ని ఏ కాలితో తన్నాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సారక్క చెప్పిన కుండల పిల్ల ఏ సినిమానో వెతికి పట్టుకుని చూశాడు. ఆ తర్వాత ట్రంకుపెట్టె దయ్యం చూశాడు. ఆ తర్వాత తన పాడ్‌కాస్ట్‌లో తాపీగా అన్నాడు: "సారక్క గారు అద్భుతంగా చెబుతారు. ముప్పావు వంతు సినిమా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కానీ ఆఖరు? ఒక్కటంటే ఒక్క సినిమా ఆఖరు కూడా నిజం కాదు. ఆవిడ ఈ సినిమాలు చూశారా అసలు?"

అంతే. నిప్పు ఎవడో అంటించాలి గానీ, గడ్డివాముకు సాయం అక్కర్లేదు. సాయంత్రానికల్లా ఫోనులో ఎక్కడ చూసినా "బోగస్ సారక్క" అన్న మాటే. నిన్నటి దాకా ఇంకో దయ్యం చెప్పమన్నవాళ్లే ఇవాళ పళ్లికిలించే బొమ్మలు పెట్టారు.

సారక్క నమ్మలేదు. "ఆ పోరడు ఇంకో సినిమా చూసుంటడు. నీరజా, గా సినిమా నాకు జూపెట్టు," అంది.

తల్లీకూతుళ్లు చీర పక్కన పెట్టి ఫోనులో కుండల పిల్ల చూశారు. సినిమా మొదలు కాగానే సారక్క ముఖం వెలిగిపోయింది. అదే పిల్ల, అదే కొండ, నెత్తిన అదే కుండ. తండ్రిని చంపిన సేనాపతి కూడా వాడే, పిల్లి మీసాలవాడు. "చూసినవా? ఒక్క పొల్లు పోలే," అంది. కొండల మధ్య తాళ్ల వంతెన వచ్చింది. పిల్ల ఇటు, సేనాపతి అటు. సారక్క మోకాలు మీద చరిచి, "ఇగ జూడు, ఇప్పుడు గా పిల్ల..." అంది.

ఆ పిల్ల చచ్చిపోయింది. సేనాపతి తాడు నరికాడు, వంతెన తెగింది, కుండతో సహా లోయలో పడింది. ఎక్కడి నుంచో ముసలి గురువు ఎగిరొచ్చి సేనాపతిని చంపాడు. సినిమా అయిపోయింది.

 సారక్క ట్రంకుపెట్టె దయ్యం పెట్టమంది. అందులో పెట్టెలో పెట్టి తాళం వేసిన కోడలు దయ్యమై లేస్తుంది. సోమలింగం చెప్పిన ఆఖర్లో ఆ కోడలు బయటికొచ్చి, అదే పెట్టె మీద తాను కూర్చుని, అత్తామామలను వంట చేసి తనకు వడ్డించమంటుంది. ఫోనులోని ఆఖర్లో మాత్రం మాంత్రికుడొచ్చి పెట్టెతో సహా ఆమెను తగలబెట్టాడు.  ఇన్నేళ్లుగా తన కళ్ల ముందు బతికున్న ఆడపిల్లలు ఒక్క మధ్యాహ్నంలో వరసగా చచ్చిపోయారు.

సోమలింగం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన వినేంత గట్టిగానే అడిగింది.

"ఏందయ్యా గిది? గా పిల్ల సచ్చిపోతదంట గదా! నువ్వు చూసినవా, లేదా?"

సోమలింగం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. నీళ్లు తాగాడు. ఇంకో దారి లేక చెప్పాడు.

"ఏం జూస్తనే? పెద్ద కొట్లాట షురూ అయ్యేటాల్లకు ఇక్కడ కార్ఖానా భోంగా, గా పాళీ సైరన్ మోగుతుండె. పాళీకి అందకుంటే సేఠ్ సాంచె ఇంకొకనికి ఇస్తుండె. ఆఖరు మేమెవ్వలం చూడలే. ఉరికొచ్చేది."

"మరి నాకెట్ల చెప్పినవు?"

"సగం కథ చెప్పి ఆపితే నువ్వు ఊకుంటుంటివా?"

"అంటే నువ్వల్లినవు. నేను దాన్ని పట్టుకోని లోకమంత చాటిన. అందరు నన్ను బోగస్ అనబట్టిరి!" సారక్క గొంతు పగిలింది. "నోరు నాది, అబద్ధం నీది. తన్నులు ఎవరికి?"

సోమలింగం దగ్గరున్న జవాబు నోటికొచ్చే రకం కాదు.  చేతులు కొంచెం లేపి, మళ్లీ దించేశాడు.

ఇంతలో ముల్లు పోయి కత్తి వచ్చిందన్నట్టు ఇంకో గొడవ. వచ్చే ఆదివారం సమాజం వాడిలో, అంటే తమ కులం వాళ్ల ఫంక్షన్ హాల్లో, వార్షికోత్సవం. అందులో దయ్యం-దెబ్బ లైవ్ ఎపిసోడ్ అని ఎప్పుడో ఒప్పేసుకున్నారు. బ్యానర్లు కూడా కట్టేశారు. కుర్రాళ్ల ఉత్సాహం కొద్దీ పరమేశ్‌ను అతిథిగా పిలిచారు. అతను వస్తానన్నాడు.

"నేను రాను," అంది సారక్క. "నీ బాపును తీస్కపో. చేతులు తిప్పుతడు."

నీరజ బతిమాలింది. "అమ్మా, ప్లీజ్. నువ్వు రాకుంటే అంతా ఖతం యార్."

"ఖతమైతే కానీ. మంది ముంగట నవ్వులపాలు కావాల్నా? అక్కడ గిన ఒక్కడు నవ్వినా, ఇగ నేను మైకు మొఖం చూడ. ఒట్టు." తల తిప్పుకుని రాళ్లు అంటించుకుంది. చెప్పడంలో ఉన్న సుఖం ఆమెకు ఈ మధ్యే తెలిసింది. తన నోటి మాటకు ఎక్కడో ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారన్న సుఖం. దాన్ని తన చేత్తో తనే మూటగట్టి అటక మీద పెట్టడం అంటే మాటలా? కళ్లలో నీళ్లు తిరిగి రాళ్లు రెండు వంకరగా అంటుకున్నాయి.

ఆమె మనసు మార్చింది కూతురు కాదు, మొగుడూ కాదు. కూరగాయల బండి. మర్నాడు వంకాయలు ఏరుతుంటే ఎదురింటి లలితమ్మ పక్కకొచ్చి నిలబడింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"వదినే, గీ వంకాయ నిజమేనా? లేకుంటే ఇది గూడ నీ కథనేనా?"

బండి చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. బండివాడికి తెలుగు రాదు, వాడు కూడా నవ్వాడు. సారక్క చేతిలోని వంకాయను లలితమ్మ ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టింది.

"ఐతవారం సమాజం వాడికి రా. నిజమేందో, కథేందో అక్కడ చెప్త."

అనేసింది.  నలుగురిలో అన్న మాట విడిచిన బాణం. ఇక వెళ్లక తప్పదు.

ఆదివారం పగలు వాడి కిక్కిరిసింది. ముందు వరసల్లో ఫోనులు పట్టుకున్న కుర్రకారు. వెనక, గోడల వెంబడి, సాంచెల మీద జీవితం అరగదీసిన పెద్దవాళ్లు, కండెలు చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయిన ఆడవాళ్లు. వాళ్లలో సగం మందికి పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో తెలియదు. భోజనాలున్నాయంటే వచ్చారు. వేదిక మీద మైకులు, కుర్చీలు. ఒక కుర్చీలో సారక్క. పెళ్లికి కట్టే పట్టుచీర కట్టుకొచ్చింది. పక్కన సోమలింగం, చేతులను రెండు తొడల కింద దాచుకుని. భార్యతో మాటల్లేక వారమైంది.

పరమేశ్ లేచి నమస్కారం పెట్టాడు. సన్నగా, కళ్లజోడుతో, బడిపంతులులా ఉన్నాడు. "సారక్క గారూ, నేను మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. కుండల పిల్ల మీరు చూశారా?"

"చూడలే," అంది సారక్క.

హాలు గొల్లుమంది. ఎవడో వెనక నుంచి "బోగస్!" అని అరిచాడు. లలితమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీరజ ముఖం పాలిపోయింది. సారక్క మైకును ఇంకా దగ్గరకు లాక్కుంది.

"నేను చూడలే. మమ్మల్నెవరు చూడనిచ్చిండ్రు? నాకు ఈయన చెప్పిండు. ఈయన ఆఖరు చూడలే. భోంగా మోగంగనే సాంచె కాడికి ఉరికొచ్చిండు. ఆఖరు ఈయన అల్లిండు, నేను నమ్మిన. నమ్మిందే మీకు చెప్పిన. గింతే."

నవ్వులు కొంత తగ్గాయి. పరమేశ్ మెల్లగా అన్నాడు, "అయితే ఆ ఆఖరు... అబద్ధమనేగా అర్థం?"

ఆ మాట మీద వెనక గోడ దగ్గర నుంచి ఒక అరుపు వినిపించింది. మైకు అక్కర్లేని గొంతు. "ఎవడ్రా అబద్ధమన్నది?"

బుచ్చిరాములు లేచాడు. సోమలింగంతో ఒకే కార్ఖానాలో, పక్క సాంచె మీద ఏళ్ల తరబడి పని చేసిన మనిషి. కర్ర ఊతంతో నడవా మధ్యకు వచ్చాడు.

"నేను చూసిన గదా గా ఆఖరు!"

"ఎక్కడ చూశారండీ? వీడియోలోనా?" అన్నాడు పరమేశ్.

"వీడియోల యాడిది? నేనూ భోంగాకే ఉరికొచ్చిన. సాంచెల కాడ చూసిన! సోమన్న మా సారక్క చెల్లెకు చెప్తుంటే, గాయిన చేతులు మాకు కనపడయా? నడిమిట్ల ఉన్నది మేమే గదా!"

సారక్క నిటారుగా కూర్చుంది. ఈ సంగతి ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. మొగుడు కార్ఖానా అటు చివర, తాను ఇటు చివర. మధ్యలో వరస వరసంతా మనుషులు. తనకొక్కదానికే చెబుతున్నాడనుకుంది. కార్ఖానా అంతా చూసేదన్నమాట.

బుచ్చిరాములు కర్రను పక్కవాడి చేతికిచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ ఊపాడు. తాళ్ల వంతెన. అతని వెనక ఇంకో ముసలాయన లేచాడు, ఆయన చేతులు కూడా వంతెన అయ్యాయి. గోడ వెంబడి ఒకరి తర్వాత ఒకరు లేచారు. కండెలు చుట్టిన ఆడవాళ్లు లేచారు. భోజనాలకని వచ్చినవాళ్లు లేచారు. అందరి కుడి చేతులూ నెత్తి మీదకు పోయి కుండను పట్టుకున్నాయి. అందరి ఎడమ చేతులూ కత్తి దూశాయి. ఏ కార్ఖానా నుంచి ఏ కార్ఖానాకు పాకిందో, ఎవరు ఎవరికి చెప్పుకున్నారో, ఆ ఆఖరు అందరికీ వచ్చు. నోరు మెదిపినవాడు లేడు. హాలంతా వంతెన ఊగుతోంది.

ముందు వరసల కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూస్తూ ఫోనులు ఎత్తడం కూడా మరిచిపోయారు. పరమేశ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నీరజ తల్లి భుజం తట్టింది. "అమ్మా, చెప్పు. ఎవరికీ వినపడ్తలేదు. చెప్పు!"

సారక్క లేచి నిలబడింది. వాళ్ల చేతులు చూస్తూ చదివింది.

"వాడు తాడు నరికిండు. వంతెన ఒక్క దిక్కు ఒరిగింది. పిల్ల ఒరిగిందా? ఒరగలే! పసితనం నుంచి కొండ మీదికి నీళ్లు మోసిన పిల్ల అది. నెత్తిన కుండ ఉంటే దానికి భూమి వంకరున్నా ఒకటే, చక్కగున్నా ఒకటే. కుండ వంచింది. పలకల మీద నీళ్లు వోసింది. వాడు ఉరికొచ్చిండు, కాలు జారింది, జర్రున పోయిండు లోయలకు! పిల్ల చెయ్యి చాపింది. వాని జుట్టు ముడి దొరకబట్టింది..."

హాల్లో అందరి చేతులూ పిడికిళ్లు బిగించి జుట్టు పట్టుకున్నాయి.

"సంపుతదనుకున్నరా? సంపితే ఏమొస్తది? పైకి గుంజింది. గుంజి, ఖాళీ కుండ వాని నెత్తిన పెట్టింది. మా నాయిన మోసినన్ని నీళ్లు మోసేదాక నీకు సావు లేదు, నడువు అన్నది. వాడు నడిచిండు. మీసాలు తడిసి, ముక్కు కారి, ఏడ్సుకుంట నడిచిండు. పిల్ల ఎన్క నుంచి, మెల్లగ, ఉత్త చేతులు ఊపుకుంట, ఇంటికి పోయింది!"

అప్పుడు పడ్డాయి చప్పట్లు, ఈలలు. రేకుల పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా. "బోగస్" అని అరిచినవాడే కుర్చీ ఎక్కి ఈల వేశాడు. పరమేశ్ మైకు పట్టుకుని రెండుసార్లు మాట్లాడబోయి, గొంతు వినిపించక, ఆగి నవ్వాడు.

"నేను ఈ సినిమా ఎన్నోసార్లు చూశాను," అన్నాడు చివరికి. "ప్రతిసారీ ఆ పిల్ల పడిపోతుంటే ఫోను ఆపేయాలనిపించేది. ఇకనుంచి వంతెన దగ్గర ఆపేసి, అక్కడి నుంచి సారక్క గారిది వింటాను. ఇది సూరత్ ఆఖరు. నా పాడ్‌కాస్ట్‌లో కూడా ఈ పేరుతోనే చెబుతా. కానీ సోమలింగం గారిని ఒక్కటి అడగాలి. మీరు అల్లిన ఏ ఆఖర్లోనూ ఆడపిల్ల చావదు. ఎందుకని?"

నీరజ ఆ ప్రశ్న తండ్రి చెవిలో అరిచి చెప్పి, మైకు ఆయన నోటి ముందు పెట్టింది. సోమలింగం మైకు వంక చూశాడు. భార్య వంక చూశాడు. తొడల కింద నుంచి చేతులు బయటికి వచ్చాయి.

కండెలు చుట్టే రాట్నం తిప్పాడు. దాని ముందు తల వంచుకుని కూర్చున్న చిన్న మనిషిని చూపించాడు. చూపుడు వేళ్లు రెండు చెంపల మీదుగా కిందికి జార్చాడు. మూట కట్టినట్టు, రైలు వైపు చెయ్యి చాపినట్టు చూపించాడు. తర్వాత నెత్తిన కుండ పెట్టుకుని, ఆ పిల్ల పడిపోయినట్టు చూపించబోయి, మధ్యలో ఆపి, అడ్డంగా తల ఊపాడు. కుండను మెల్లగా మళ్లీ నెత్తిన సర్ది, ఆ చేతిని అలాగే గుండె మీదకు తెచ్చాడు.

ఆ చేతులు సారక్కతో అన్నాయి: కొత్తగ వచ్చినవు. కండెల కాడ కూసోని ఏడుస్తుంటివి. మూట గట్టుకోని ఊరికి పోతనంటివి. గా పిల్లను సంపి, నీకెట్ల చెప్పాలె?

సారక్క అలవాటు కొద్దీ మైకు ముందు నోరు తెరిచింది. "కొత్తగ..." అంది. మైకు పక్కకు జరిపింది. తల్లీతండ్రీ గుర్తొచ్చి, ఆ మోతలో తన ఏడుపు తనకే వినిపించక, ఆ రోజుల్లో ఎంత ఏడ్చిందో! సినిమా ఆఖరు తెలుసుకుని పోదామని ఒక్కరోజు ఆగింది. మర్నాడు ఇంకో సినిమా ఉంది. అలా ఉండిపోయింది. ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, దాచుకోలేదు. వెనక గోడ దగ్గర ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చేతుల భాష వచ్చినవాళ్లకు చదివి చెప్పాల్సిన పని లేదు.

"ఏమన్నడు? ఏమన్నడక్కా?" అని ముందు వరసల కుర్రకారు గోల చేశారు.

సారక్క ముక్కు తుడుచుకుంది.  రెండు చేతులూ నడుం దగ్గర నుంచి ఎత్తి, బరువైన బట్ట చుట్టను దింపి, భుజాన వేసుకుంది. తాకా దిగింది. హాల్లో పెద్దవాళ్లందరి చేతులూ ఒక్కసారి లేచి, ఆమెతో పాటు తాకా దింపాయి.

మర్నాడు కూరగాయల బండి దగ్గర లలితమ్మే ముందు పలకరించింది. "వదినే, నిన్న అన్న ఏమన్నడో జర చెప్పరాదు. రాత్రంత నిద్ర పట్టలే." సారక్క ఒక వంకాయ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది మాత్రం నిజమే," అని సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో నీరజా, శివకృష్ణా నిన్నటి రికార్డింగు ముందేసుకుని కూర్చున్నారు. చప్పట్లు, ఈలలు అన్నీ బాగా వచ్చాయి. పరమేశ్ ప్రశ్న తర్వాత మాత్రం చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో ఒక పసిపిల్ల దగ్గు.

"ఇక్కడ ఖాళీ వచ్చింది ఆంటీ. కట్ చేద్దామా?" అన్నాడు శివకృష్ణ.

"చెయ్యి పెట్టినవంటే విరగ్గొడ్త," అంది సారక్క. "నా మొగడు మాట్లాడుతుండు గక్కడ."